పచ్చిమిరపకాయ సంగతి ఎవరూ చెప్పలేదు

(ఆదివారం ఉదయం ప్రసారమైన ప్రసంగ పాఠం)

కాఫీలయ్యాయనుకుంటాను. ఇంకా కాకపోతే కలుపుకుంటూ వినండి, నాకేం అభ్యంతరం లేదు.

పోయిన నెల ఓ సీమంతానికి వెళ్ళాను. భోజనాల దగ్గర మా స్నేహితురాలు నా పక్కన చేరి, గొంతు తగ్గించి, "వదినా, నిజం చెప్పండి. మీ ఆఫీసులో కూర్చుంటే ఊళ్ళోవాళ్ళ జబ్బులన్నీ మీకు కనపడతాయటగా?" అనడిగింది. పులిహోర నోట్లో ఉంది కాబట్టి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మింగాక చెప్పిన జవాబు కూడా సరిగ్గా రాలేదు. "అదేం లేదమ్మా" అని నవ్వేసి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక అనిపించింది, ఆ అమ్మాయి అడిగినదాంట్లో తప్పేముంది? అందుకని ఆ జవాబేదో తీరిగ్గా ఇక్కడ చెప్పుకుంటున్నాను.

నేను ఒక రాష్ట్ర ఆరోగ్యశాఖలో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాను. డాక్టర్ని కాదు, నర్సుని కాదు. ఆస్పత్రులు, లాబులు, కౌంటీ ఆరోగ్యశాఖలు ఒకదానికొకటి పంపుకునే కబుర్లు దారి తప్పకుండా, దారిలో ఎవరూ విప్పి చదవకుండా, ఆలస్యం కాకుండా చేరేట్టు చూడటం నా పని. మా అమ్మ ఊళ్ళో అందరికీ "మా అమ్మాయి పోస్టాఫీసులో చేస్తోంది" అని చెప్పింది. మొదట్లో కోపమొచ్చేది కానీ, ఇప్పుడాలోచిస్తే అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

అసలు ఈ పోస్టాఫీసు ఎందుకు కావాలో చెప్పాలంటే 2008కి వెళ్ళాలి. అప్పటికి నేనింకా ఈ ఉద్యోగంలో లేను, బ్యాంకు ప్రాజెక్టులు చేసుకుంటున్నాను.

ఆ వేసవి గుర్తుందా మీకు? టమాటాల వేసవి. సాల్మొనెల్లాలో సెయింట్‌పాల్ అనే రకం వల్ల జనం కడుపునొప్పి, జ్వరం, విరేచనాలతో ఆస్పత్రుల పాలవుతున్నారని మే 22న న్యూమెక్సికో రాష్ట్రం అట్లాంటాలోని సీడీసీకి కబురు పెట్టింది. జూన్ 3న న్యూమెక్సికో, టెక్సాస్ వాళ్ళకీ, జూన్ 7న దేశమంతటికీ కొన్ని రకాల పచ్చి టమాటాలు తినొద్దని ఎఫ్‌డీఏ హెచ్చరిక చేసింది. రెస్టారెంట్లు శాండ్‌విచ్‌ల్లోంచి టమాటాలు తీసేశాయి. రైతులు పొలాల్లోనే వదిలేసుకున్నారు. మన ఇళ్ళల్లో చారు కూడా చింతపండుతోనే కానిచ్చాం.

ఆ జూన్‌లో మా స్నేహితుల ఇంట్లో భర్తకు సుస్తీ చేసింది. నాలుగు రోజులు లేవలేదు. మూడు వారాలకి, ఆయన కోలుకుని ఆఫీసుకు కూడా వెళ్తున్నాక, కౌంటీ నుంచి ఒక నర్సు ఫోను చేసి "జబ్బు రావడానికి ముందు వారం రోజుల్లో ఏం తిన్నారు?" అనడిగింది. మూడు వారాల కిందట ఏం తిన్నామో మీకు గుర్తుంటుందా? నాకు మొన్న శుక్రవారం ఏం వండానో గుర్తులేదు. పక్కనుంచి భార్య అందించింది, "టమాటా పచ్చడి చేశాం కదండీ, అది చెప్పండి." ఆయన అదే చెప్పాడు. నర్సు రాసుకుంది. పచ్చడి పొయ్యి మీద మగ్గబెట్టిందన్న సంగతి ఆవిడకి తెలీదు, వీళ్ళకి చెప్పాలని తోచలేదు.

ఆయన చెప్పనిది ఇంకోటుంది. ఆ మనిషికి పెరుగన్నంలోకి పచ్చిమిరపకాయ కొరుక్కుంటే తప్ప ముద్ద దిగదు. ఇండియన్ దుకాణంలో మన మిరపకాయలు దొరకనప్పుడు ఇక్కడి కిరాణాలో సెరానో మిరపకాయలు తెచ్చుకునేవాడు. మనలో చాలామంది చేసే పనే అది. కానీ "ఏం తిన్నారు" అని అడిగితే మిరపకాయ తిన్నానని ఎవరు చెబుతారు? ఉప్పు తిన్నానని చెబుతామా?

సరిగ్గా అక్కడే దేశమంతా చిక్కుపడింది. మెక్సికన్ భోజనం చేసినవాళ్ళంతా సల్సాలో టమాటాని గుర్తుపెట్టుకున్నారు, అందులో తరిగి వేసిన మిరపకాయని గుర్తుపెట్టుకోలేదు. మిన్నెసోటాలో ఒక రెస్టారెంటులో తిన్నవాళ్ళకి వరసగా జబ్బు చేసినప్పుడు అక్కడి ఆరోగ్యశాఖ వాళ్ళు ఏం తిన్నారని అడిగి ఊరుకోలేదు. ఏ వంటకంలో ఏమేం పడ్డాయో వంటింట్లోంచి రాబట్టి, జబ్బు పడ్డవాళ్ళూ పడనివాళ్ళూ తిన్నవాటిని పక్కపక్కన పెట్టి చూశారు. హలపేన్యో మిరపకాయ బయటపడింది. జులైలో ఎఫ్‌డీఏకి అదే సూక్ష్మజీవి టెక్సాస్‌లోని ఒక గిడ్డంగిలో హలపేన్యో మీదా, ఆ తర్వాత మెక్సికోలో ఒక పొలంలో సెరానో మిరపకాయల్లోనూ, వాటికి పెట్టిన నీళ్ళల్లోనూ దొరికింది. జులై 17న టమాటాల మీద హెచ్చరిక ఎత్తేశారు. ఆగస్టు చివరికి మొత్తం లెక్క 43 రాష్ట్రాల్లో 1,400 మంది పైచిలుకు తేలింది. మన స్నేహితుడి సాల్మొనెల్లా వేలిముద్ర కూడా దాంతో కలిసిందని ఆ నర్సే రెండోసారి ఫోను చేసి చెప్పింది. ఈసారి ఆవిడ మిరపకాయల గురించి అడిగింది. ఈయన ఒక్క క్షణం నోరు తెరిచి ఉండిపోయాడట.

వేలిముద్ర అన్నాను కదా, అది కాస్త చెప్పాలి. 1993లో పశ్చిమ రాష్ట్రాల్లో సరిగ్గా ఉడకని హాంబర్గర్ల వల్ల ఈ.కోలై సోకి 700 మందికి పైగా జబ్బు పడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. వేర్వేరు రాష్ట్రాల్లో ఉన్న రోగులకి సోకింది ఒకటేనని తేల్చుకోవడానికి ఒక మార్గం కావాలనిపించింది. అలా 1996లో పల్స్‌నెట్ అనే ఏర్పాటు మొదలైంది. ప్రతి రాష్ట్రపు లాబూ తన దగ్గరకొచ్చిన సూక్ష్మజీవి డీఎన్ఏకి ఒకే పద్ధతిలో బొమ్మ తీసి, దాన్ని అందరూ చూసే ఒకే చోట పెడుతుంది. న్యూమెక్సికో బొమ్మా, మిన్నెసోటా బొమ్మా ఒకటే అయితే ఇద్దరూ ఒకే చోటినుంచి తిన్నారని అనుమానం. 2019 నుంచీ బొమ్మల పద్ధతి పోయి సూక్ష్మజీవి జన్యువు మొత్తం చదివే పద్ధతి వచ్చింది, ఇంకా ఖచ్చితం. గమనించండి, అక్కడ పెట్టేది సూక్ష్మజీవి వేలిముద్ర, మనిషిది కాదు. వెంకట్రావుగారి పేరు పక్క రాష్ట్రం లాబుకి అక్కర్లేదు.

మరి ఇంత బాగా ఉంటే మూడు వారాలెందుకు పట్టింది? జబ్బు చేసి డాక్టరు దగ్గరకెళ్ళడానికి కొన్ని రోజులు, లాబులో పెరగడానికి కొన్ని, అక్కడినుంచి రాష్ట్రపు లాబుకి వెళ్ళడానికి కొన్ని, వేలిముద్రకి కొన్ని. వీటిలో కొన్ని సూక్ష్మజీవి తీసుకునే రోజులు, వాటిని మనమేం చెయ్యలేం. మిగతావి కాగితం తీసుకునే రోజులు. అప్పటికి నేను పనిచేస్తున్న బ్యాంకులో, ఎవరైనా పక్క రాష్ట్రంలో పెట్రోలు కొట్టించుకుంటే ఆ డబ్బు ఆయనదో కాదో రెండు మూడు సెకన్లలో తేలిపోయేది. పది డాలర్ల పెట్రోలుకున్నపాటి శ్రద్ధ నలుగురు పిల్లల ప్రాణానికి లేదేమిటని అప్పుడనిపించలేదు. తర్వాత, 2011లో ఈ ఉద్యోగంలో చేరాక అనిపించింది.

ఈ ఉద్యోగంలో చేరిన మొదటిరోజు నా బల్ల పక్కనే ఫాక్సు మిషను. నేను నవ్వాను. మా పెద్దావిడ నవ్వలేదు. "దాన్ని ఎప్పుడు తీసేస్తామో అప్పుడు నవ్వు" అంది. ఆవిడ రిటైరయ్యేటప్పటికీ అదక్కడే ఉంది.

దానికొక కారణముంది. 2009లో వచ్చిన చట్టంతో ఆస్పత్రులూ డాక్టర్లూ కాగితాలు మాని కంప్యూటర్లకి మారడానికి కేంద్రప్రభుత్వం వేల కోట్ల డాలర్లిచ్చింది. ఆ కంప్యూటర్ల నుంచి వచ్చే కబురు అందుకోవలసిన ఆరోగ్యశాఖలకి మాత్రం ఆ లెక్కలో ఇవ్వలేదు. ఊరంతా ఫోన్లు పెట్టించి పోలీసుస్టేషన్లో పెట్టించనట్టు. దాని ఫలితం 2020లో కళ్ళారా చూశాం. ఆ జులైలో హ్యూస్టన్ ఆరోగ్యశాఖలో కోవిడ్ ఫలితాలు ఫాక్సులో వచ్చి నేలమీద గుట్టలుగా పడుతున్నాయని పత్రికల్లో చదివే ఉంటారు. మా ఆఫీసులోనూ వేరే శాఖల వాళ్ళని తెచ్చి కూర్చోబెట్టి ఆ కాగితాలు చూసి టైపు చేయించారు. పేరుంటే ఫోను నంబరు లేదు, నంబరుంటే ఊరు లేదు. కొన్ని మా రాష్ట్రంవే కావు.

లండన్ శ్రోతలు నవ్వకండి, మీ సంగతీ ఉంది. అదే ఏడాది సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 దాకా ఇంగ్లండులో 15,841 కోవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి. లాబుల నుంచి వచ్చిన జాబితాలని పాతరకం ఎక్సెల్ ఫైల్లో పోశారు. దాంట్లో 65 వేల పైచిలుకు వరసలకి మించి పట్టవు. ఎక్కువైనవి చప్పుడు చెయ్యకుండా జారిపోయాయి. ఆ 15,841 మందికీ తమకి కోవిడ్ ఉందని తెలుసు. వాళ్ళు కలిసినవాళ్ళకే సకాలంలో తెలియలేదు. నా వృత్తిలోవాళ్ళకి ఆ వార్త చదివితే ఇప్పటికీ అరచేతులు చెమర్చుతాయి.

ఇప్పుడు పద్ధతి చాలా మారింది. డాక్టరు తన కంప్యూటర్లో మీజిల్స్ అనో క్షయ అనో నమోదు చెయ్యగానే, లేదా లాబు ఫలితం రాగానే, ఆ కంప్యూటరే ఒక జాబితాతో పోల్చుకుని, "ఇది ప్రభుత్వానికి చెప్పవలసిన జబ్బు" అని గుర్తుపట్టి, కబురు దానంతటదే తయారుచేస్తుంది. అది ఒక ఉమ్మడి కేంద్రానికి వెళ్తుంది. అక్కడ ఏ రాష్ట్రం చట్టం ఏమంటుందో చూసి, రోగి ఉండే ఊరిని బట్టి ఏ ఆరోగ్యశాఖకి చేరాలో నిర్ణయించి పంపుతారు. డాక్టరుగారు ఫారం నింపనక్కర్లేదు, ఎవరూ టైపు చెయ్యనక్కర్లేదు. అంతా సవ్యంగా ఉంటే నిమిషాల పని. ఇంకో పద్ధతిలో, ఎమర్జెన్సీ గదులకి ఏ బాధతో ఎంతమంది వస్తున్నారో పేర్లు లేకుండా ఒక్కరోజులోపే చేరుతుంది. దేశంలో నాలుగింట మూడొంతులకి పైగా ఎమర్జెన్సీ గదులు అందులో ఉన్నాయి. ఒక కౌంటీలో ఉన్నట్టుండి వాంతులతో వచ్చేవాళ్ళు పెరిగితే లాబు ఫలితాలకి ముందే తెలుస్తుంది.

మన దేశంలో ఏం లేదనుకోకండి. 2004లో మొదలైన జాతీయ వ్యాధుల నిఘా పథకంలో మొదటి విడతలోనే ఆంధ్రప్రదేశ్ ఉంది. ఊళ్ళో ఆరోగ్య కార్యకర్త ఒక ఫారం, డాక్టరు ఒక ఫారం, లాబు ఒక ఫారం నింపి వారానికోసారి పంపేవాళ్ళు. 2021 ఏప్రిల్లో దాన్ని పూర్తిగా కంప్యూటర్లోకి మార్చారు. ఇప్పుడు కార్యకర్త చేతిలో పలకలాంటి కంప్యూటర్లోనే ఆ రోజుది ఆ రోజు ఎక్కుతుంది.

"అంతా సవ్యంగా ఉంటే" అన్నాను కదా. ఇప్పుడు మా ఇంటి కథ.

2016 వేసవిలో మా అత్తగారు ఇండియా నుంచి వచ్చారు. వచ్చిన రెండోరోజే కడుపు చెడింది. ప్రయాణం బడలిక అనుకున్నాం. జ్వరం కూడా వచ్చేసరికి దగ్గర్లో ఒక క్లినిక్కి తీసుకెళ్ళాం. పరీక్షకి పంపారు, మందిచ్చారు, తగ్గింది. ఫలితం గురించి ఎవరూ ఫోను చెయ్యలేదు. మేమూ అడగలేదు. తగ్గాక అడగడమెందుకు?

మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్ళు. పగలు డేకేరు, సాయంత్రం నానమ్మ. ఆవిడ పెరుగన్నం కలిపి గోరుముద్దలు పెట్టేది. వద్దనడానికి నాకు మనసెలా ఒప్పుతుంది? ఆవిడ వచ్చిందే అందుకు. ఓ వారానికి పిల్లకి ఒకపూట విరేచనాలయ్యాయి. మామిడిపళ్ళు ఎక్కువ తిందనుకున్నాం. మర్నాడు చురుగ్గానే ఉంది. నాకు ఆఫీసులో మీటింగు ఉంది. డేకేరులో దింపేశాను.

పరీక్ష చేసిన పన్నెండో రోజున కౌంటీ నర్సు ఫోను. మా అత్తగారికి షిగెల్లా అట. అది చాలా కొద్దిగా చేరినా అంటుకునే జబ్బు. చేతుల్లోంచి నోట్లోకి పోతుంది. "ఇంట్లో డేకేరుకి వెళ్ళే పిల్లలున్నారా?" అని ఆవిడ అడిగినప్పుడు నా గొంతు ఎండిపోయింది. అప్పటికే మా అమ్మాయి గదిలో ఇద్దరు పిల్లలకి సోకింది. ఒక పిల్లాణ్ణి ఆస్పత్రిలో చేర్చి రెండు రోజులు సెలైను పెట్టారు. వాడూ బాగానే బయటపడ్డాడు. వాళ్ళమ్మ తర్వాత నన్ను ఒక్క మాట అడిగింది. "మీరు పనిచేసేది ఆరోగ్యశాఖలో కదా?" కోపంగా అడగలేదు, నిజంగా అర్థంకాక అడిగింది. నేను దానికింకా జవాబు చెప్పలేదు.

ఫలితం లాబులో నాలుగో రోజుకే తేలింది. మిగతా ఎనిమిది రోజులు ఎక్కడున్నట్టు? ఇది తర్వాత మా పెద్దావిడ విచారించి, నాకు చెప్పదగినంత మేరకే చెప్పింది.

మా అత్తగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. మొత్తం పేరు రెండో గడిలో ఉంది. మన పెద్దవాళ్ళలో చాలామందికి ఇంతే. వీసా ఇచ్చేటప్పుడు ఆ పేరంతా ఇంటిపేరు గడిలోకి జరిపి, మొదటి పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ అని కొడతారు, అంటే మొదటి పేరు తెలియదని. క్లినిక్కులో అమ్మాయి ఆ ఎఫ్ఎన్‌యూనే పేరనుకుని ఎక్కించింది. ఇక పుట్టినరోజు. ఆ తరంలో నిజం పుట్టినరోజు ఎవరికి తెలుసు? బళ్ళో వేసేటప్పుడు మాస్టారు జులై ఒకటి అని రాసేశాడు. ఊళ్ళో సగం మందికి అదే పుట్టినరోజు! మేం ఫారంలో మన అలవాటు ప్రకారం ముందు తేదీ, తర్వాత నెల వేశాం. ఇక్కడ అది జనవరి ఏడు అయింది. అడ్రసు దగ్గర రోగిది కాక క్లినిక్కుది పడింది, కాబట్టి కబురు మా కౌంటీకి కాక పక్క కౌంటీకి పోయింది. అక్కడి కంప్యూటరు ఈ ఎఫ్ఎన్‌యూ లక్ష్మిగారిని ఇంకో ఎఫ్ఎన్‌యూ లక్ష్మిగారితో పోల్చుకుని, ఇద్దరూ ఒకరో కాదో తేల్చలేక, మనిషి వచ్చి చూడాల్సిన వరసలో పెట్టింది. మధ్యలో జులై నాలుగు సెలవులు. కబురు పంపినవాళ్ళు క్షణంలో పంపారు. దారిలో తాళాలన్నీ సరిగ్గా పడ్డాయి. చేరాక మనిషెవరో తెలీక కూర్చుంది.

బస్తా కట్టుదిట్టంగా కుట్టి, పైన చిరునామా తప్పు రాసినట్టు. నా వృత్తిలో తాళాల గురించి పెద్ద పెద్ద సభలు జరుగుతాయి, పేర్ల గురించి ఎవరూ మాట్లాడరు. పేరుకి ముందు ఇంటిపేరు పెట్టుకునే జనం, ఒకే మనిషికి మూడు స్పెల్లింగులున్న జనం, పుట్టినరోజు రెండున్న జనం ఈ దేశంలో లక్షల్లో ఉన్నారని ఆ కంప్యూటర్లకి నేర్పవలసింది మావంటివాళ్ళే. ఆ ఏడాది చివర్లో మా రాష్ట్రంలో పేర్లు పోల్చే పద్ధతిలో మార్పులు చేయించాను. ఎఫ్ఎన్‌యూ అని ఉంటే దాన్ని పేరుగా లెక్కపెట్టవద్దనీ, తేదీ, నెల తారుమారయ్యాయేమో కూడా చూడమనీ. చిన్న మార్పే. పిల్లల టీకాల రికార్డుల్లో కూడా అదే తంటా. ఇంటిపేరు ముందుకీ వెనక్కీ మారడంవల్ల ఒకే బిడ్డకి రెండు రికార్డులు పుట్టి, వేసిన టీకానే మళ్ళీ వేసిన సందర్భాలు మీలో కొందరికి అనుభవమే.

ఇప్పుడు మా స్నేహితురాలి ప్రశ్నకొస్తాను. జబ్బులన్నీ నాకు కనపడతాయా?

ఆ నర్సు ఫోను చేసిన రోజు సాయంత్రం నేను ఆఫీసులోనే ఉన్నాను. నా ఎదురుగా కంప్యూటరుంది. మా అత్తగారి పేరు కొట్టి చూస్తే ఎక్కడ ఆగిందో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. మీటల మీద చెయ్యి పెట్టాను కూడా. తీసేశాను. మా పనిలో ఎవరి రికార్డు తెరవాలన్నా దానికొక కారణం ఉండాలి. ఎవరు, ఎప్పుడు, ఏది తెరిచారో ప్రతిదీ వేరే పుస్తకంలో పడుతుంది. ఆ పుస్తకాన్ని నేను చెరపలేను. కన్నబిడ్డదైనా సరే, నాకు అప్పజెప్పిన పని కాకపోతే తెరిస్తే ఉద్యోగం పోతుంది, పోవాలి కూడా. అందుకే మా పెద్దావిడకి చెప్పి, ఆవిడ చూసేదాకా రెండు రోజులు ఆగాను. ఆ రెండు రోజులు నిద్రలేదనుకోండి.

మామూలు రోజుల్లో నాకు కనపడేది కబుర్ల లెక్క. ఇన్ని వచ్చాయి, ఇన్ని ఆగాయి, ఇందులో ఈ గడి ఖాళీ అని. దారిలో వెళ్ళేటప్పుడు కబురు గిలకొట్టి ఉంటుంది, అవతలి తాళంచెవి ఉన్నవాళ్ళకి తప్ప అర్థం కాదు. రెండు వైపులా ఉన్న కంప్యూటర్లు ముందు ఒకరి గుర్తింపుపత్రం ఒకరు చూసుకుంటాయి. కౌంటీ నర్సుకి పేరు, ఫోను నంబరు కావాలి, లేకపోతే ఎవరికి ఫోను చేస్తుంది? రాష్ట్రంలో జబ్బుల లెక్కలు కట్టేవాళ్ళకి పేరు అక్కర్లేదు. సీడీసీకి రాష్ట్రాలు పంపేదాంట్లో వయసు, కౌంటీ, తేదీలు వంటివి ఉంటాయి, మనిషి పేరు ఉండదు. అదీ రాష్ట్రాలు తమంతట తాము ఒప్పుకుని పంపేదే. డాక్టరు ఆరోగ్యశాఖకి చెప్పడానికి మీ సంతకం అక్కర్లేదన్నది నిజం. రోగుల వివరాల గోప్యత చట్టంలోనే దానికి వీలు పెట్టారు. షిగెల్లా మా అత్తగారి సొంత విషయమే. కానీ ఆ సెలైను పెట్టించుకున్న పిల్లాడి విషయం కూడా.

అయితే ఆ అమ్మాయి అసలు భయం ఇది కాదు. లేచేటప్పుడు చిన్నగా అడిగింది, "అత్తయ్యగారి వీసా వాళ్ళకి తెలుస్తుందా?" అని.

మా ఆఫీసు ఫారంలో వీసా అనే గడి లేదు. అడగం, అంచేత రాయం, అంచేత పంపేదీ లేదు. నాకు తెలిసిన అన్నిటికంటే మంచి తాళం అదే. లేని వివరాన్ని ఎవరూ దొంగిలించలేరు, ఎవరూ ఆర్డరు వేసి తెప్పించుకోలేరు. కానీ ఇంతటితో ఆపితే నేను సగమే చెప్పినదాన్నవుతాను. 2025లో మెడికెయిడ్‌లో చేరినవాళ్ళ వివరాల్ని కేంద్ర ఆరోగ్యశాఖ వాళ్ళు వలస వ్యవహారాలు చూసే హోంలాండ్ సెక్యూరిటీ శాఖకి ఇచ్చారు. జులైలో 20 రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. అవి వైద్యం ఖర్చుల తాలూకు వివరాలు, మా జబ్బుల కబుర్లు కావు. తేడా నాకు తెలుసు. క్లినిక్కు గుమ్మంలో నిలబడి లోపలికెళ్ళాలా వద్దా అని ఆలోచించేవాళ్ళకి ఆ తేడా ఎవరు చెబుతారు? ఒక పనికని తీసుకున్నది ఇంకో పనికి వాడితే, ఎంత గట్టి తాళం వేసినా మా కబుర్ల సంచి ఖాళీగానే వస్తుంది. జనం డాక్టరు దగ్గరకే రారు, వచ్చినా తప్పు నంబరిస్తారు. నేను నిమిషాల్లో చేర్చే ఏర్పాటు చేసి ఏం లాభం?

2025లో టెక్సాస్‌లో మీజిల్స్ జనవరిలో మొదలై ఆగస్టులో ముగిశాయనేసరికి 762 మందికి సోకింది, ఇద్దరు పిల్లలు చనిపోయారు. అక్కడ కావలసింది ఇదే. ఏ పిల్లకి టీకా ఉంది, ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారు, ఆ కుటుంబం ఈ వారం ఏ రాష్ట్రానికి వెళ్ళింది అని. జనం ఫోనెత్తి నిజం చెబితేనే తెలిసేవి.

కాబట్టి శ్రోతలారా, కౌంటీ నుంచి ఫోనొస్తే తియ్యండి. మోసగాళ్ళేమో అని అనుమానమైతే, పెట్టేసి కౌంటీ నంబరు మీరే వెతుక్కుని తిరిగి చెయ్యండి, నర్సులు ఏమీ అనుకోరు. వాళ్ళు సోషల్ సెక్యూరిటీ నంబరు గానీ బ్యాంకు కార్డు గానీ అడగరు. అడిగితే వాళ్ళు నర్సులు కాదు. ఏం తిన్నారంటే మిరపకాయలూ కొత్తిమీరా కూడా చెప్పండి. పెద్దవాళ్ళని క్లినిక్కుకి తీసుకెళ్ళినప్పుడు పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు రాయించి, నెల ముందు, తేదీ తర్వాత వేసి, మీ ఇంటి అడ్రసు, మీ ఫోను నంబరు పడ్డాయో లేదో కాస్త తెరమీద చూపించమనండి. విసుక్కుంటే విసుక్కోనీండి.

మా అత్తగారు మళ్ళీ ఈ మేలో వస్తున్నారు. పాస్‌పోర్టు రెన్యూవల్‌కి వెళ్ళినప్పుడు ఇంటిపేరు విడిగా రాయించుకోమని మావారు ఫోనులో చెప్పారు. ఆవిడ, "ఇన్నేళ్ళూ లేని ఇంటిపేరు ఇప్పుడెందుకురా?" అన్నారు. ఫోను నాకిచ్చారు. పన్నెండు రోజుల కథ ఆవిడకి అప్పట్లో మేం చెప్పలేదు, బాధపడతారని. మొన్న చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ పిల్లాడికి ఇప్పుడెన్నేళ్ళే?" అనడిగారు.

మీ ప్రశ్నలుంటే పాట తర్వాత ఫోను చెయ్యండి, నేను ఇక్కడే ఉంటాను. మీ పేరు చెప్పనక్కర్లేదు.